ఫిషింగ్ ఈ-మెయిళ్లు: బస్తర్ న్యాయవాదులకు వచ్చిన నకిలీ సమన్ల నుంచి బ్యాంకు ఖాతాల దాకా - గుర్తించే, తప్పించుకునే మార్గాలు

2019 జనవరి, అక్టోబరు మధ్య దేశంలోని పలువురు న్యాయవాదులకు, అధ్యాపకులకు, హక్కుల కార్యకర్తలకు కొన్ని ఈ-మెయిళ్లు అందాయి. కొన్ని కోర్టు సిబ్బంది పంపినట్లు, మరికొన్ని పాత్రికేయులు రాసినట్లు కనిపించాయి. ఒక లంకెను నొక్కితే పత్రం తెరుచుకుంటుందని వాటిలో ఉంది. పత్రం నిజంగానే తెరుచుకుంటుంది. అయితే అది తెరుచుకునే లోపు కంప్యూటర్‌లో నెట్‌వైర్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ చేరిపోతుంది. అమ్నెస్టీ ఇంటర్నేషనల్, టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ సంయుక్తంగా పరిశోధించి 2020 జూన్‌లో ఈ వ్యవహారాన్ని బయటపెట్టాయి. లక్ష్యంగా మారిన తొమ్మిది మందిలో, బస్తర్ ఆదివాసులకు ఉచిత న్యాయసహాయం అందించేందుకు 2013లో ఏర్పడిన జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్‌తో సంబంధమున్న న్యాయవాదులు కూడా ఉన్నారు.

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని అటవీ ప్రాంతంతో ముడిపడిన ఈ ఉదంతం ఫిషింగ్ స్వభావాన్ని స్పష్టంగా చూపుతుంది. న్యాయవాదికి సమన్లు రావడం, పాత్రికేయుడు వివరాలు అడగడం నిత్యం జరిగేవే. అలవాటైన పని రూపంలో వచ్చే అబద్ధమే ఫిషింగ్. న్యాయవాదికి అది సమన్లుగా, బ్యాంకు ఉద్యోగికి కార్యాలయ సందేశంగా, నిరుద్యోగికి నియామక పత్రంగా, పింఛనుదారుకు కేవైసీ నవీకరణగా కనిపిస్తుంది.

ఫిషింగ్ అంటే ఏమిటి?

నమ్మదగిన వ్యక్తి లేదా సంస్థ వేషంలో సందేశం పంపి, గ్రహీత చేతనే అతని పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు వివరాలు చెప్పించుకోవడం, లేదా హానికర ఫైలును అతని చేతనే తెరిపించడం ఫిషింగ్. తాళం పగలగొట్టడం ఇందులో ఉండదు. యజమానే తాళంచెవి తెచ్చి ఇచ్చేలా చేయడం ఉంటుంది.

ఈ ఆంగ్ల పదం చేపల వేటను సూచించే మాట నుంచే పుట్టింది. మొదటి అక్షరం మాత్రం 1970ల నాటి టెలిఫోన్ వ్యవస్థల చొరబాటుదారులు తమ పనికి పెట్టుకున్న ‘ఫ్రీకింగ్’ అనే పేరు వర్ణక్రమాన్ని అనుసరించింది. 1990ల మధ్యలో అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఖాతాదారులకు ఆ సంస్థ సిబ్బందిమని చెప్పుకొని సందేశాలు పంపి పాస్‌వర్డ్‌లు రాబట్టేవారు. 1996 తొలినాళ్ల ఇంటర్నెట్ చర్చల్లో ఈ పదం లిఖితంగా కనిపిస్తుంది. తెలుగులో మోసగించి రాబట్టడాన్ని ‘గాలం వేయడం’ అనడం పూర్వం నుంచీ ఉన్నదే కనుక, ఈ భావన తెలుగు పాఠకులకు కొత్తది కాదు.

గాలం వేసే తీరును బట్టి ఫిషింగ్‌లో ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

మూకుమ్మడి ఫిషింగ్: ఒకే సందేశాన్ని లక్షల మందికి పంపుతారు. ఎవరో కొందరు చిక్కితే చాలు.

గురిపెట్టిన ఫిషింగ్: ఒక వ్యక్తి వృత్తి, పరిచయాలు, చేస్తున్న పని తెలుసుకొని అతనికోసమే సందేశం రూపొందిస్తారు. జగదల్‌పూర్ బృందానికి సంబంధించిన న్యాయవాదులకు వచ్చినది ఈ కోవలోనిదే.

వ్యాపార ఈ-మెయిల్ మోసం: సరఫరాదారు లేదా ఉన్నతాధికారి పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై సొమ్ము కొత్త ఖాతాకు పంపండి’ అని రాస్తారు.

అనుమతి ఫిషింగ్: పాస్‌వర్డ్ అడగరు. ఒక యాప్‌కు మెయిల్ చదివే అనుమతి ఇవ్వమంటారు. 2017 మే నెలలో ‘గూగుల్ డాక్స్’ అనే పేరు పెట్టుకున్న నకిలీ యాప్ ఇలాగే వ్యాపించింది. గూగుల్ సుమారు గంటలో దాన్ని నిలిపివేసింది. అనుమతి అడిగిన పేజీ గూగుల్‌కు చెందిన అసలు పేజీయే కావడం వల్ల చిరునామా సరిచూసుకున్నవారు కూడా మోసపోయారు.

ఈ-మెయిల్ ఖాతాయే ఎందుకు?

ఒక వ్యక్తి ఆన్‌లైన్ జీవితానికి ఈ-మెయిల్ మూలస్తంభం. ఏ సేవలో పాస్‌వర్డ్ మరిచిపోయినా కొత్తది పెట్టుకునే లంకె మెయిల్‌కే వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులోని ఫోటోలు, పరిచయాల జాబితా, యాప్‌ల నకళ్లు గూగుల్ ఖాతాలో దాగి ఉంటాయి. బ్యాంకు నివేదికలు, పన్ను పత్రాలు, పరీక్షల ప్రవేశ పత్రాలు అక్కడికే చేరతాయి. అందువల్ల మెయిల్ ఖాతా పోవడమంటే ఇంటి తాళం ఒక్కటే కాక, మిగతా తాళాలన్నీ వేలాడే గుత్తి పోవడం.

బస్తర్ వంటి ప్రాంతాల్లో ఈ ప్రమాదానికి మరో పార్శ్వం ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును పూర్తిగా వాడాలంటే గూగుల్ ఖాతా అవసరం కాబట్టి, ఫోను అమ్మిన దుకాణదారో, బంధువో ఆ ఖాతాను తెరిచి ఇవ్వడం గ్రామాల్లో తరచుగా జరుగుతుంది. ఇలాంటప్పుడు తన మెయిల్ చిరునామా ఏమిటో, పాస్‌వర్డ్ ఏమిటో ఫోను యజమానికే తెలియకపోవచ్చు. తెలియని ఖాతాను కాపాడుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

బస్తర్ నేపథ్యం

బస్తర్ డివిజన్‌లో బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ అనే ఏడు జిల్లాలు ఉన్నాయి. ఈ ఏడు జిల్లాల్లో ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌తో చేపట్టిన బస్తర్ ఇంటర్నెట్ ప్రాజెక్టు తొలి దశను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో జాతికి అంకితం చేశారు. అదే సభలో అక్కడ ఒక బ్యాంకు శాఖను కూడా ప్రారంభించారు. దేశంలోని నగరాలు రెండు దశాబ్దాలపాటు క్రమంగా అలవాటు పడిన ఇంటర్నెట్, బ్యాంకింగ్, ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాకు చేరడం అనే మూడు మార్పులు ఇక్కడి గ్రామాలను దాదాపు ఒకేసారి తాకాయి.

తెలుగు రాష్ట్రాలతో ఈ ప్రాంతానికి దగ్గరి సంబంధం ఉంది. బీజాపూర్ జిల్లా తెలంగాణను, సుక్మా జిల్లా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను ఆనుకొని ఉన్నాయి. భోపాలపట్నం, కుంట వంటి సరిహద్దు పట్టణాల్లో తెలుగు వినిపిస్తుంది. దంతెవాడ జిల్లా బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. కిరండూల్ నుంచి కొత్తవలస రైలుమార్గం ఆ ఖనిజాన్ని విశాఖపట్నం వైపు చేరవేస్తుంది. మిర్చి కోతల కాలంలో బస్తర్ గ్రామాల నుంచి కూలీలు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలకు వస్తారు.

ఇక్కడ హల్బీ, గోండీ, భత్రీ, దోర్లీ, ధుర్వా, తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. బ్యాంకుల, సంస్థల సందేశాలు మాత్రం అధికంగా హిందీలోనో, ఆంగ్లంలోనో వస్తాయి. చదివి చెప్పమని ఫోనును మరొకరి చేతికివ్వడం తప్పనిసరి అయినప్పుడు, ‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు’ అనే హెచ్చరిక ఆచరణలో నిలవదు. ఆ హెచ్చరికను కూడా ఆ మరొకరే చదివి వినిపించాలి. సైబర్ భద్రతను కేవలం వ్యక్తిగత జాగ్రత్తగా చూస్తే ఈ వాస్తవం మరుగున పడుతుంది.

తెరపై కనిపించే పేరును నమ్మితే ఏమవుతుందో చూపిన మరో ఘటన కూడా ఈ జిల్లాలోనే జరిగింది. వివాహిత మహిళలకు నెలకు 1,000 రూపాయలు అందించే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మహతారీ వందన్ యోజన సొమ్ము, బస్తర్ జిల్లా తాలూర్ గ్రామంలో సినీ నటి సన్నీ లియోనీ పేరిట నమోదైన లబ్ధిదారు వివరాలతో వేరొకరి ఖాతాకు చేరుతున్నట్లు 2024 డిసెంబరులో వెలుగుచూసింది. ఇది ఫిషింగ్ కాదు. అయితే రెండింటిలోని లోపం ఒక్కటే: నమోదు చేసిన పేరును ఎవరూ అసలు మనిషితో పోల్చి చూడలేదు. ఈ-మెయిల్‌లో పంపినవారి పేరు కూడా అంతే. ఆ గడిలో ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు.

రెండు మెయిళ్లు తెరిస్తే 12 కోట్లు

ఫిషింగ్ నష్టం వ్యక్తులతో ఆగదని చెప్పే ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి 2022 జనవరిలో చొరబడిన నేరస్థులు 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును దేశవ్యాప్తంగా పలు ఖాతాలకు మళ్లించారు. హైదరాబాద్ పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం దీనికి బీజం 2021 నవంబరులోనే పడింది. ఆ నెలలో బ్యాంకు సిబ్బందికి 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరవడంతో దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించగల సాఫ్ట్‌వేర్ చేరింది. ఆ తర్వాత రెండు నెలలకు పైగా నేరస్థులు వ్యవస్థను నిశ్శబ్దంగా గమనించారు. మళ్లించిన సొమ్ములో కొంత భాగాన్ని పోలీసులు నిలుపుదల చేయగలిగారు. సైబర్ భద్రతా నిబంధనలు పాటించలేదంటూ రిజర్వ్ బ్యాంకు 2023లో ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఇందులో ముఖ్యమైన అంశం సంఖ్యల నిష్పత్తి. 200కు పైగా మెయిళ్లలో ఫలించినవి రెండు. ఎక్కువ మంది జాగ్రత్తగా ఉన్నా సంస్థ నష్టపోయింది. సిబ్బంది అప్రమత్తత అవసరమే. అయితే ఎవరో ఒకరు పొరబడతారన్న అంచనాతోనే వ్యవస్థను నిర్మించాలి. ఒక ఉద్యోగి కంప్యూటర్‌లోకి చొరబడినవారు ప్రధాన సర్వర్ దాకా వెళ్లలేని ఏర్పాటు ఉండాలి.

వ్యాపార ఈ-మెయిల్ మోసానికి దేశంలో ప్రసిద్ధమైన ఉదాహరణ 2015లో బయటపడింది. ప్రభుత్వ రంగ చమురు సంస్థ ఓఎన్‌జీసీకి సౌదీ అరామ్‌కో నుంచి రావలసిన 197 కోట్ల రూపాయలు పక్కదారి పట్టినట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. సంస్థ అధికారిక మెయిల్ చిరునామాలో అక్షరాలను కొద్దిగా అటూ ఇటూ మార్చి, బ్యాంకు ఖాతా మారిందని కొనుగోలుదారును నమ్మించారు.

చిరునామాను చదవడం ఎలా?

ఫిషింగ్‌ను గుర్తించడంలో అన్నిటికన్నా ఉపయోగపడే నైపుణ్యం చిరునామాను చదవడం. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు సాధారణంగా ముందుంటుంది. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది. మొదటి అడ్డగీతకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. చివరి రెండు, మూడు మాటలే అసలు యజమాని ఎవరో చెబుతాయి. ‘మీబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ సరిచూడు డాట్ టాప్’ అనే చిరునామాలో బ్యాంకు పేరు మొదట ఉన్నా, దాని యజమాని ‘సరిచూడు డాట్ టాప్’ మాత్రమే. ముందున్న మాటలను ఆ యజమాని తనకు నచ్చినట్లు పెట్టుకున్నాడు. ఈ-మెయిల్ చిరునామాలోనూ ‘ఎట్’ గుర్తు తర్వాతి భాగానికే విలువ.

ఈ విషయంలో రిజర్వ్ బ్యాంకు ఒక సౌలభ్యం కల్పించింది. బ్యాంకులకు మాత్రమే దక్కే ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక డొమైన్‌ను 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు తమ వెబ్‌సైట్లను దానికి మార్చుకోవాలని ఆదేశించింది. ప్రభుత్వ శాఖల చిరునామాలు ‘గవ్ డాట్ ఇన్’, ‘ఎన్‌ఐసీ డాట్ ఇన్’ అని ముగుస్తాయి. ఇంటిపేరు ఇలా ఉన్నప్పుడు నమ్మకానికి ఆధారం ఉంటుంది. లేనప్పుడు సందేహించడానికి కారణం ఉంటుంది.

కంటికి ఒకేలా కనిపించే అక్షరాలు మరో ఉచ్చు. ఆంగ్లంలో ‘ఆర్’, ‘ఎన్’ చిన్న అక్షరాలు పక్కపక్కన ఉంటే ‘ఎమ్’గా భ్రమ కలుగుతుంది. పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’, ఒకటి అంకె మధ్య భేదం చాలా ఖతుల్లో కనిపించదు. రష్యన్ లిపిలోని ‘అ’ అక్షరం ఆంగ్ల ‘ఎ’తో అచ్చంగా సరిపోతుంది. 2017లో ఒక పరిశోధకుడు పూర్తిగా రష్యన్ లిపి అక్షరాలతో యాపిల్ సంస్థ చిరునామాను పోలిన పేరు నమోదు చేసి, కొన్ని బ్రౌజర్లు తేడా చూపలేకపోవడాన్ని నిరూపించాడు. డ-ఢ, ద-ధ, ప-ఫ వంటి జంటలను తొందరలో తారుమారుగా చదివే అనుభవం తెలుగు పాఠకులందరికీ ఉంటుంది. కన్ను అక్షరాన్ని కాక మాట మొత్తం ఆకారాన్ని చూస్తుంది. మోసగాడు ఆధారపడేది ఈ అలవాటు మీదే.

నమ్మదగని ఆనవాళ్లు

కొన్ని పాత సలహాలకు ఇప్పుడు కాలం చెల్లింది. ‘భాష తప్పులతో ఉంటే మోసం’ అన్నది అందులో ఒకటి. తప్పుల తడక తెలుగులో వచ్చిన బ్యాంకు సందేశాన్ని అనుమానించడం సబబే. అయితే యంత్రానువాదం, కృత్రిమ మేధ మెరుగుపడ్డాక నేరస్థులు కూడా చక్కని తెలుగు రాయించుకోగలరు. భాష బాగుండటం నిజాయితీకి రుజువు కాదు.

బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తు రెండోది. సమాచారం మధ్యలో ఎవరూ చదవకుండా సంకేతీకరణ జరుగుతోందని మాత్రమే అది చెబుతుంది. అవతలి వ్యక్తి మంచివాడని చెప్పదు. నకిలీ వెబ్‌సైటుకు కూడా ఉచితంగా భద్రతా ధ్రువపత్రం దొరుకుతుంది. ఈ అపోహ కారణంగానే గూగుల్ క్రోమ్ 2023లో తాళం గుర్తును తొలగించి వేరే చిహ్నం పెట్టింది.

మూడోది లోగో, సంతకం, కార్యాలయ ముద్ర. వీటిని అసలు మెయిల్ నుంచి నకలు చేయడానికి క్షణాలు చాలు.

ఇప్పటికీ పనికొచ్చే ఆనవాళ్లు వేరు. సందేశం తొందరపెడుతుంది: ఈ రోజు సాయంత్రంలోగా ఖాతా మూతపడుతుందని, అరెస్టు తప్పదని, అవకాశం చేజారుతుందని అంటుంది. మామూలు దారిని పక్కన పెట్టమంటుంది: యాప్‌లో కాక ఈ లంకెలోనే ప్రవేశించమని, పై అధికారికి చెప్పవద్దని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమని అడుగుతుంది. చివరకు పాస్‌వర్డ్, ఓటీపీ, సొమ్ము, ఫైలు తెరవడం, అనుమతి ఇవ్వడం అనే ఐదింటిలో ఏదో ఒకటి కోరుతుంది. భయమో ఆశో కలిగించి, ఈ ఐదింటిలో ఒకదాన్ని వెంటనే అడిగే ఏ సందేశమైనా ఆగి చూడదగినదే.

జోడించిన ఫైళ్ల విషయంలో పేరు చివర ఉండే పొడిగింపు ముఖ్యం. విండోస్ కంప్యూటర్లు మామూలుగా దాన్ని దాచి ఉంచుతాయి. అందువల్ల ‘సమన్లు డాట్ పీడీఎఫ్’ అని కనిపించేది నిజానికి ‘సమన్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ కావచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అమరికల్లో పొడిగింపులు కనిపించేలా మార్చుకోవచ్చు. ఫోనులో ‘ఏపీకే’ అని ముగిసే ఫైలు పత్రం కాదు, యాప్. మెయిల్ ద్వారా గానీ వాట్సప్ ద్వారా గానీ వచ్చిన యాప్‌ను ఎక్కించుకోకూడదు.

నోటీసులను సరిచూసుకునే దారులు

అధికారిక నోటీసు వస్తే భయపడటానికి ముందు దాన్ని వేరే దారిలో సరిచూడవచ్చు.

కోర్టు సమన్లు: దేశంలోని జిల్లా కోర్టుల కేసులకు 16 అక్షరాంకెల సీఎన్‌ఆర్ సంఖ్య ఉంటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో లేదా యాప్‌లో ఆ సంఖ్యను స్వయంగా నమోదు చేస్తే కేసు వివరాలు కనిపిస్తాయి. మెయిల్‌లోని లంకె నొక్కవలసిన అవసరం లేదు.

ఆదాయపన్ను నోటీసు: 2019 అక్టోబరు 1 నుంచి ఈ శాఖ పంపే లేఖలపై డిన్ అనే ప్రత్యేక సంఖ్య ఉంటుంది. శాఖ పోర్టల్‌లో దాన్ని సరిచూసుకునే సదుపాయం ఉంది.

బ్యాంకు సందేశం: కార్డు వెనుక లేదా పాస్‌పుస్తకంపై ఉన్న నంబరుకే ఫోను చేయాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.

ఉద్యోగ నియామకం: గనులు, ఉక్కు, రైల్వేల పేరిట వచ్చే నియామక పత్రాలను ఆ సంస్థ వెబ్‌సైటులోని ప్రకటనతో పోల్చాలి. ప్రభుత్వ రంగ సంస్థలు వ్యక్తుల ఖాతాలకు ‘భద్రతా డిపాజిట్’ కట్టమని అడగవు. ఉద్యోగాల పేరిట ఫిషింగ్ దేశానికి కొత్త కాదు. నాస్కామ్ పేరు వాడుకొని వ్యక్తిగత వివరాలు సేకరించిన ఒక నియామక సంస్థపై 2005లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పే, ఫిషింగ్‌ను చట్టవిరుద్ధ చర్యగా గుర్తించిన తొలి భారతీయ తీర్పుగా పేరొందింది. ఆ కేసు 16 లక్షల రూపాయల పరిహారంతో పరిష్కారమైంది.

ఖాతా మార్పు సమాచారం: సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, ముందే తెలిసిన నంబరుకు ఫోను చేసి మనిషి గొంతుతో నిర్ధారించుకున్నాకే సొమ్ము పంపాలి.

ఓటీపీ ఉంటే చాలదా?

రెండంచెల ధ్రువీకరణ తప్పక పెట్టుకోదగినది. అయితే దాని రూపాలన్నీ సమానం కావు. గూగుల్ 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఎస్‌ఎంఎస్‌తో వచ్చే సంకేత సంఖ్య మూకుమ్మడి ఫిషింగ్‌ను 96 శాతం, గురిపెట్టిన దాడులను 76 శాతం ఆపగలిగింది. ఫోను తెరపై ‘అవును నేనే’ అని నిర్ధారించే పద్ధతి ఇవే దాడులను వరుసగా 99, 90 శాతం ఆపింది. భౌతిక భద్రతా కీ రెండింటినీ 100 శాతం ఆపింది.

ఈ తేడాకు కారణం సరళం. నకిలీ పేజీలో నమోదు చేసిన ఓటీపీని నేరస్థుడు అదే క్షణంలో అసలు వెబ్‌సైటుకు అందించగలడు. మనిషి నకిలీ పేజీని గుర్తించలేకపోవచ్చు. భద్రతా కీ, పాస్‌కీ మాత్రం వెబ్ చిరునామాతోనే ముడిపడి ఉంటాయి. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి స్పందించవు. గూగుల్ సంస్థ 2017 తొలినాళ్ల నుంచి తన 85,000కు పైగా ఉద్యోగులకు భద్రతా కీలు తప్పనిసరి చేశాక, ఏ ఉద్యోగి ఖాతా కూడా ఫిషింగ్‌కు చిక్కినట్లు నిర్ధారణ కాలేదని 2018లో తెలిపింది. 2023 మే నుంచి వ్యక్తిగత గూగుల్ ఖాతాలకు కూడా పాస్‌కీ అందుబాటులో ఉంది. ఫోను తెరిచే వేలిముద్ర లేదా పిన్‌తోనే అది పనిచేస్తుంది. గుర్తుంచుకోవడానికి, ఎవరికైనా చెప్పడానికి అందులో పాస్‌వర్డ్ ఏమీ ఉండదు. చదవడం రానివారికి, ఫోనును ఇతరుల చేత చదివించుకునేవారికి ఇది ఎక్కువ రక్షణ ఇస్తుంది.

పాస్‌వర్డ్ మేనేజర్ కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. అసలు చిరునామా ఉన్న పేజీలోనే అది పాస్‌వర్డ్ నింపుతుంది. నింపకపోతే ఆగి చిరునామా చూడాలి.

కూలి పనికి రాష్ట్రం దాటివెళ్లి, అక్కడ కొత్త సిమ్ తీసుకునేవారు ఒక విషయం గమనించాలి. వాడకం ఆగి రద్దయిన మొబైల్ నంబరును కనీసం 90 రోజుల వ్యవధి తర్వాత టెలికాం సంస్థలు మరొకరికి కేటాయించవచ్చు. పాత నంబరు మెయిల్‌కు, బ్యాంకుకు జోడించి ఉంటే ఖాతా పునరుద్ధరణ సంకేతాలు కొత్త యజమానికి వెళ్తాయి. నంబరు మారిన రోజే ఖాతాల్లోనూ మార్చుకోవాలి. ఖాతాను మరొకరు తెరిచి ఇచ్చినట్లయితే చిరునామా, పాస్‌వర్డ్, పునరుద్ధరణ నంబరు తెలుసుకొని, పాస్‌వర్డ్‌ను తామే మార్చుకోవాలి. ఇంటర్నెట్ కేంద్రాల్లో పని ముగిశాక ఖాతా నుంచి బయటకు రావాలి.

చిక్కుకున్నాక ఏం చేయాలి?

మోసపోయామని గ్రహించిన తర్వాత మొదటి గంట అత్యంత విలువైనది. సిగ్గుపడి దాచడం వల్ల నేరస్థుడికి దొరికేది కాలమే.

సొమ్ము పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలోని ఈ సేవ బ్యాంకులను అప్రమత్తం చేసి, సొమ్ము ఇంకా వ్యవస్థలో ఉంటే నిలుపుదల చేయిస్తుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. నేరం ఏ రాష్ట్రంలో జరిగినా, బాధితుడు ఉన్నచోటి నుంచే నమోదు చేయవచ్చు.

బ్యాంకుకు తెలియజేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు తప్పు లేకుండా వేరొకరి ద్వారా జరిగిన మోసాన్ని 3 పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల్లో తెలియజేస్తే పరిమిత బాధ్యత ఉంటుంది. పాస్‌వర్డ్ లేదా ఓటీపీ ఖాతాదారే చెప్పినట్లయితే, ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టం అతనిదే. ఫిర్యాదు తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. కాబట్టి తప్పు తనదే అయినా త్వరగా చెప్పడం వల్ల లాభమే ఉంటుంది.

మెయిల్ ఖాతా చిక్కితే, మరో సురక్షితమైన ఫోను లేదా కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చాలి. అన్ని పరికరాల నుంచి ఖాతాను బయటకు పంపాలి. పునరుద్ధరణ నంబరు, మెయిల్ మారాయా, వచ్చే మెయిళ్లను వేరొక చిరునామాకు మళ్లించే అమరికలేవైనా ఉన్నాయా, గుర్తుతెలియని యాప్‌లకు అనుమతి ఉందా అన్నవి చూడాలి. పాస్‌వర్డ్ మార్చి ఈ అమరికలను వదిలేస్తే, నేరస్థుడు మెయిళ్లు చదువుతూనే ఉంటాడు.

సందేశాన్ని తొలగించకూడదు. పంపినవారి అసలు సర్వర్ వివరాలు మెయిల్ శీర్షికలో దాగి ఉంటాయి. ‘అసలు సందేశాన్ని చూపు’ అనే ఎంపికతో వాటిని భద్రపరచవచ్చు. దేశ సైబర్ అత్యవసర స్పందన సంస్థ సర్ట్-ఇన్‌కు కూడా సమాచారం పంపవచ్చు. 2019 నాటి దాడుల్లో హానికర ఫైళ్లను ఉంచింది ఫైర్‌ఫాక్స్ సెండ్ అనే ఫైళ్ల బదిలీ సేవలో. గడువు తీరాక లంకె దానంతటదే పనిచేయకుండా పోవడం ఆ సేవ లక్షణం. ఇలాంటి సందర్భాల్లో బాధితుల మెయిల్‌పెట్టెలో మిగిలిన సందేశమే దర్యాప్తుకు ఆధారం అవుతుంది. హానికర ఫైళ్ల వ్యాప్తికి దుర్వినియోగం అవుతోందని 2020 జులైలో ఆ సేవను నిలిపివేసిన మొజిల్లా, సెప్టెంబరులో దాన్ని శాశ్వతంగా మూసివేసింది.

చట్టం ఏమంటోంది?

సమాచార సాంకేతిక చట్టం 2000లోని 66సీ సెక్షన్ ఇతరుల పాస్‌వర్డ్, ఎలక్ట్రానిక్ సంతకం వంటి గుర్తింపును దొంగిలించడాన్ని, 66డీ సెక్షన్ కంప్యూటర్ సాధనాలతో వేరొకరిగా నటించి మోసగించడాన్ని శిక్షార్హం చేస్తున్నాయి. రెండింటికీ గరిష్ఠంగా మూడేళ్ల జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడి నష్టం కలిగిస్తే 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. పరిహారం కోరేవారు ఇదే చట్టం కింద రాష్ట్ర స్థాయి న్యాయనిర్ణయాధికారిని ఆశ్రయించవచ్చు. ఫిషింగ్‌లో సొమ్ము కోల్పోయిన ఖాతాదారుకు 12.85 లక్షల రూపాయలు చెల్లించాలని తమిళనాడు న్యాయనిర్ణయాధికారి 2010లో ఒక ప్రైవేటు బ్యాంకును ఆదేశించారు.

నేరస్థులను పట్టుకోవడం మాత్రం కష్టసాధ్యం. సర్వర్ ఒక దేశంలో, సొమ్ము చేరే ఖాతా మరో రాష్ట్రంలో, సందేశం పంపినవాడు ఇంకెక్కడో ఉంటారు. 2019లో న్యాయవాదులపైకి పంపిన నెట్‌వైర్‌ను బహిరంగంగా విక్రయించిన వెబ్‌సైటును అమెరికా అధికారులు 2023 మార్చిలో స్వాధీనం చేసుకున్నారు. దాన్ని నడిపినట్లు అనుమానించిన వ్యక్తి క్రొయేషియాలో అరెస్టయ్యాడు. కానీ ఆ సాధనాన్ని కొని భారతీయ న్యాయవాదులపై ప్రయోగించినది ఎవరన్నది 2020 నాటి నివేదిక తేల్చలేదు.